ఈకల ఎర

ఈక, ఉన్ని, పట్టు, జంతువుల వెంట్రుక లాంటివి సన్నని దారంతో గాలం కాడకు చుట్టి, చేప తినే పురుగులాగానో చిరుచేపలాగానో రొయ్యలాగానో కనిపించేటట్టు చేసే ఎర. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘ఫ్లై’ అంటారు. అంటే ఈగ. దీన్ని కట్టే పనిని ఫ్లై టైయింగ్ అనీ, దీనితో చేసే వేటను ఫ్లై ఫిషింగ్ అనీ పిలుస్తారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. కట్టేది అన్నిసార్లూ ఈగే కాదు, ఈక మాత్రం దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది కనుక ఇక్కడ ఈకల ఎర అంటున్నాం.

ఈ వ్యాసం దాన్ని గోదావరి డెల్టా వైపు నుంచి చూస్తుంది. అందులో ఒక చిత్రముంది. పుంజు ఈక రంగును బట్టి పుంజుకు పేరుపెట్టే జనం ఇక్కడున్నారు. సన్నదారంతో గంటల తరబడి లేసు అల్లే వేళ్ళు నరసాపురంలో ఉన్నాయి. నీటిపైకి ఎగిరి ఎరను అందుకునే చేపలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా, రెండు శతాబ్దాల దొరల కాపురం చూసిన నేల అయినా, ఈకల ఎర మాత్రం ఇక్కడ నాటుకోలేదు.

మామూలు గాలంలో ఎర బరువో సీసం బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఈకల ఎరకు బరువు లేదు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని దీనికి వాడే దారమే లావుగా, బరువుగా ఉండి చివరకు సన్నబడుతూ పోతుంది. చర్నాకోల ఝళిపించినట్టు కర్రను వెనక్కీ ముందుకీ ఆడిస్తే ఆ దారం గాలిలో మెలిక విప్పుకుంటూ సాగి, కొసన ఉన్న ఎరను నీటిమీద మెల్లగా దించుతుంది. మామూలు గాలంలో ఎర దారాన్ని మోస్తే ఇక్కడ దారమే ఎరను మోస్తుంది. తక్కిన తేడాలన్నీ దీన్నుంచి పుట్టినవే.

పాత ముచ్చట

ఈకల ఎరను గురించి మనకు తెలిసిన తొలి వర్ణనల్లో ఒకటి రోమన్ రచయిత ఈలియన్‌ది, సుమారు క్రీ.శ. 200 నాటిది. మాసిడోనియాలోని ఆస్ట్రేయస్ నదిలో ఒళ్ళంతా చుక్కలున్న చేపలు నీటిమీద వాలే ఒక ఈగను తింటాయి. ఆ ఈగను చేత్తో ముట్టుకుంటే రంగు పోయి ఎరకు పనికిరాదు. అందుకని అక్కడివాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గదమ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. ఉన్ని, దారం, పుంజు ఈక: నేటికీ ఈకల ఎర ముడిసరుకు ఇదే.

ఇంగ్లండులో గాలపు వేట మీద 1496లో అచ్చయిన ఒక చిన్న గ్రంథం పన్నెండు రకాల ఈకల ఎరలను వర్ణించింది. 1653లో ఐజాక్ వాల్టన్ ‘కంప్లీట్ యాంగ్లర్’ వచ్చింది. దాని 1676 ముద్రణకు ఈకల ఎర మీద రెండో భాగం రాసిచేర్చినవాడి పేరు ఛార్లెస్ కాటన్. కాటన్ అనగానే గోదావరి మనిషికి ధవళేశ్వరం ఆనకట్టే గుర్తొస్తుంది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ వేరు, ఈయన వేరు. ఇంటిపేరొక్కటే కలిసింది.

గాలపు వేటను వినోదంగా చూడడం మనకు దొరలు నేర్పిన విద్య మాత్రం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (పాలన 1127–1138) సంస్కృతంలో రాసిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే అధ్యాయముంది. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దేనికి ఏ మేత వేసి మచ్చిక చేసుకోవాలి, గాలం ఎలా వేయాలి, చిక్కిన చేపను ఎలా అలిసేదాకా ఆడించాలి అన్నవి అందులో ఉన్నాయి. దీన్ని చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా గత శతాబ్దం నడుమ ఆధునిక పాఠకుల దృష్టికి తెచ్చారు. ఆ చాళుక్యుల పట్టు కొంతకాలం వేంగి మీద కూడా సాగింది. రాజు చెప్పిన ఎరలన్నీ తినే ఎరలే. పిండి ముద్దలు, మాంసం ముక్కలు. ఈక ఊసు లేదు.

తెల్లవాళ్ళ కాలానికి వస్తే, ముందు చెప్పుకోవలసిన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లాండు వైద్యుడు. విశాఖపట్నంలో ఉండి రెండు వందల చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. అందులో మన చేపలకు పక్కనే తెలుగు పేర్లున్నాయి. ఇంగ్లీషు చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు కనుక కొన్ని గుర్తుపట్టడానికి నోటితో పైకి చదవాలి. పులసను ఆయన ‘పలస’ అని రాశాడు. ఆ మాట పట్టుకునే 1829లో ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియే ఆ చేపకు ‘క్లుపియా పలస’ అని శాస్త్రీయనామం పెట్టాడు. అంతకు ముందే 1822లో హామిల్టన్ అనే మరో శాస్త్రవేత్త గంగానది చేపల పుస్తకంలో ‘ఇలిషా’ అన్న పేరు పెట్టి ఉండటంతో ఆ పేరే నిలిచింది. ఏడేళ్ళ తేడాతో గోదావరి పేరు గంగ పేరుకు ఓడిపోయింది.

గాలపు వేటకు సూటిగా చెందిన పుస్తకం హెన్రీ సల్లివాన్ థామస్‌ది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణ కన్నడ కలెక్టరుగా చేశాడు. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు, చెరువుల్లో గాలం వేయడం మీద 1887లో మరొకటి. విలాయతీ ఈకల ఎరలు మన చేపలకు ఎంతవరకు పనికొస్తాయో పరీక్షించి చూసినవాడు. అయితే ఆయన దృష్టి ఎక్కువగా కొండ ఏర్ల మీద, పడమటి కనుమల మహసీర్ చేప మీద ఉండేది. డెల్టా అప్పటికే కాలువల దేశమైపోయింది.

గోదావరి గాలం

డెల్టాలో పెద్ద వేట అంతా వలతోనే. గాలం పిల్లలదీ, పొలం నుంచి ఇంటికొస్తూ కాలవగట్టు మీద కూర్చునేవాళ్ళదీ, పల్లెకారుల్లో కొంతమందిదీ. బళ్ళో చదివే పిల్లవాడి తొలి గాలం గుండుసూది. దీపం మంటలో కాల్చి, ఎర్రబడ్డాక వంచితే గాలం. ముల్లు ఉండదు కనుక చేప పడగానే దారం వదులుకాకుండా ఒక్క ఊపున గట్టు మీదికి లాగాలి. కొన్న గాలానికి మొన పక్కన వెనక్కి తిరిగిన చిన్న ముల్లుంటుంది, అదే చేపను జారిపోనివ్వదు. కొట్లో నంబరు చెప్పి అడగాలి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. కొత్తవాడు పెద్ద చేప కోసం పెద్ద నంబరు అడిగి నవ్వులపాలు కావడం మామూలే.

దారం ఒకప్పుడు నూలుదో జనపనారదో, ఇప్పుడు తంగూసు. బెండుకు జీలుగు. పెళ్ళి బాసికాలకు వాడే ఆ తెల్లని తేలిక బెండే చిన్న ముక్కగా కోసి దారానికి గుచ్చుతారు. నెమలి ఈక కాడ దొరికితే మరీ మేలు, చిన్న పరిగె ముట్టినా అది తల ఊపుతుంది. ఎరకు ఎర్రలు (వానపాములు), గోధుమపిండి ముద్ద, రొయ్య, మిడత, చిన్న కప్ప. ఎర్రను గాలానికి ఎక్కించేటప్పుడు మొన బయటికి రాకూడదు, కొస కాస్త వేలాడుతూ కదలాలి. బెండు రెండుసార్లు టకటకమని కొట్టుకుంటే పరిగె, పక్కకు ఈడ్చుకుపోతే జెల్ల, ఒక్క పెట్టున మునిగితే ఏదో పెద్దదే.

మనిషిని మాటల్లో పెట్టి లొంగదీసుకోవడానికి ‘గాలం వేశాడు’ అంటాం. వల వేయడానికి కూడా ఆ అర్థం ఉంది గానీ గాలంలో ఉన్న ఓపిక వలలో లేదు.

ఎందుకు నాటుకోలేదు

మొదటి కారణం నీళ్ళు. ఈకల ఎరను చేప కంటితో చూసి నమ్మాలి. దానికి వాసన లేదు, రుచి లేదు. జూలైలో ఎర్రనీరు దిగిందంటే అక్టోబరు దాకా గోదావరిలో చెయ్యి ముంచితే వేళ్ళు కనపడవు. అలాంటి నీటిలో బతికే జెల్ల, వాలుగ, ఇంగిలాయి మీసాలతో తడుముతూ, వాసన పట్టుకుంటూ మేత వెతుక్కుంటాయి. వాటికి ఈకతో పనిలేదు. కంపుకొట్టే రొయ్య అయితే చీకట్లో కూడా వెతుక్కుంటూ వస్తాయి.

రెండోది మేత. విలాయతీ ఏర్లలో ట్రౌట్ చేప నీటిపురుగులనే ప్రధానంగా తింటుంది. ఏ వారం ఏ పురుగు రెక్కలు విప్పుతుందో తెలుసుకుని దానిలాంటి ఎర కట్టడమే అక్కడి విద్య. మన బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది, ఎర్రమోసు అడుగు బురదను మేస్తుంది. ఇక డెల్టా గర్వించే పులస ఏ గాలానికీ చిక్కే చేప కాదు. సముద్రం నుంచి వరదకు ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చేది, అదీ నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకు తినేదే. పుస్తెలమ్మి పులస తినేవాడైనా దాన్ని వలవాడి దగ్గరే కొనాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం నిలిచింది. దక్షిణాది నదుల మీద ఆనకట్టలు చేపల రాకపోకలను ఎలా ఆపుతున్నాయో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే ఎత్తిచూపాడు.

మూడో కారణం చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు. ఇక్కడ చేప కూర. పట్టి, ముచ్చటపడి, మళ్ళీ నీళ్ళలోకి వదిలే ఆట గట్టుమీద కూర్చున్నవాడి ఇంట్లో చెల్లదు.

అయినా డెల్టాకు తనదైన ‘ఈగల పుట్టుక’ ఒకటుంది. తొలకరి జల్లు పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. కాలవ పక్క వీధిదీపం కింద గంటలో గుట్టలుగా రాలతాయి. రెక్కలూడిన ఉసిళ్ళు నీటిమీద కొట్టుకుంటుంటే కింది నుంచి పరిగెలు, గురకలు, ఈమధ్య అన్నిచోట్లా పాకిన చైనా గురకలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. నీటిమీద వానచినుకులు పడుతున్నట్టే ఉంటుంది, వాన మాత్రం అప్పటికే వెలిసి ఉంటుంది. ఈకల ఎర పుట్టింది ఇలాంటి దృశ్యం చూసిన కంటిలోనే. వేసవిలో కాలువలు కట్టేశాక అక్కడక్కడా మిగిలే మడుగుల్లో నీరు తేరుకుంటుంది. ఆ కొద్ది రోజులూ, ఆ మొదటి వానల సాయంత్రాలూ ఈకల ఎరకు ఇక్కడ పనికొచ్చే కాలం.

కప్ప

డెల్టాలో బొమ్మ ఎర అంటూ నిజంగా నడుస్తున్నది ఒకటుంది, అది ఈక కాదు, రబ్బరు కప్ప. గుర్రపుడెక్క కమ్మేసిన కాలవల్లో, చేపల చెరువు గట్ల పక్క బోదెల్లో కొర్రమీను కోసం కుర్రవాళ్ళు దీన్ని విసురుతారు. రెండు గాలాలూ కప్ప వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. అందుకే అది డెక్క ఆకుల మీద కూడా చిక్కుకోకుండా గెంతుతూ వస్తుంది. కొర్రమీను నోరు మూసినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి గాలాలు బయటపడతాయి. పూర్వం ఇదే పని బతికున్న కప్పతో చేసేవారు.

కొర్రమీను గాలి పీల్చడానికి మధ్యమధ్య నీటిపైకి వస్తుంది. ఆ ‘గుబుక్’ చప్పుడును బట్టి అది ఎక్కడుందో పోల్చుకుంటారు. పిల్లలను వెంటేసుకుని కాపలా తిరిగే వేళ అయితే మరీ తేలిక. ఎర్రని పిల్లల గుంపు నీటిమీద ముద్దగా కదులుతుంటుంది, కింద తల్లీతండ్రీ ఉంటాయి. ఆ గుంపు మీదికి కప్పను విసిరితే పెద్దచేప ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. దాన్ని పట్టుకుపోతే ఆ పిల్లలన్నీ గంటలో వేరే చేపల పాలవుతాయి. వేటగాళ్ళలో ఇంగితమున్నవాళ్ళు గుంపు కనపడితే గాలం చుట్టేస్తారు. అందరూ అలా చేయరు.

ఇక ఉప్పునీటి వైపు పండుగప్ప ఉంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు సముద్రంలో కలిసే చోట్ల, కోరింగ మడ అడవుల్లో మాటువేసి చిరుచేపలను మింగే చేప. దీన్నే ఆస్ట్రేలియావాళ్ళు బారమండి అని పిలిచి, ఈకల ఎరతో పట్టడాన్ని పెద్ద ఘనతగా చెప్పుకుంటారు. దానికి ఈగ పనికిరాదు, వేలెడు పొడవున చిరుచేపలా కట్టాలి. అమెరికాలో బాబ్ క్లౌజర్ 1987లో రూపొందించిన ‘క్లౌజర్ మిన్నో’ అలాంటిదే. తెల్లని జింకతోక వెంట్రుకలు, మెరిసే పోగులు నాలుగు, తల దగ్గర రెండు లోహపు కళ్ళు. కళ్ళ బరువుకు అది లాగినప్పుడు పైకీ, ఆపినప్పుడు కిందికీ పోతూ గాయపడ్డ చేపలా కదులుతుంది. డెల్టాలో ఈకల ఎరకు తగిన చేప ఏదని అడిగితే ఈ వ్యాసకర్త పండుగప్పకే ఓటు వేస్తాడు.

పుంజు ఈక

ఈకల ఎరకు ప్రాణం హ్యాకిల్. అంటే పుంజు మెడమీదా, నడుము మీదా పెరిగే సన్నని పొడుగాటి ఈక. దాన్ని గాలం కాడకు అడ్డంగా చుట్టితే పీచులన్నీ గొంగళిపురుగు వెంట్రుకల్లా నలుదిక్కులా నిలుస్తాయి. ఆ పీచులు గట్టిగా ఉంటే వాటి కొసల మీద ఎర నీటిలో మునగకుండా నిలబడుతుంది. పెట్ట ఈక మెత్తన, నీరు పీల్చుకుని మునిగిపోతుంది. అది నీటి అడుగున వాడే ఎరలకే పనికొస్తుంది. ఇంగ్లండులో పూర్వం ఇందుకు పందెం పుంజుల ఈకలనే మేలైనవిగా ఎంచేవారు.

ఈ మాట వినగానే భీమవరం మనిషి చెవులు నిక్కిస్తాడు. పుంజు రంగుకు మనకున్నన్ని పేర్లు ఇంకెవరికి ఉన్నాయి? నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ, మెడమీద నలుపూ తెలుపూ కలిసింది పర్ల, పసుపు జాడలున్నది నెమలి, మూడు రంగులది కౌజు, ఎరుపులో బూడిద కలిస్తే మైల. ఏ తిథికి ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ఉంది. ఈకలు కట్టేవాళ్ళకూ ఇలాంటి పట్టికే ఉంది. వాళ్ళు ‘గ్రిజ్లీ’ అనే నలుపు తెలుపు చారల ఈక కోసం పడిచస్తారు. అంచులు లేతగా, నడుమ నల్లగా ఉన్నది ‘బాడ్జర్’, బూడిద నీలం ‘డన్’. రెండుచోట్లా చూసేది ఈకనే. మనవాళ్ళు అందులో గెలుపు వెతుకుతారు, వాళ్ళు పురుగును వెతుకుతారు. పందెం మాత్రం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ప్రకారం నేరం. ఇంగ్లండులో దాన్ని 1835లోనే నిషేధించారు.

ఒక చిక్కు చెప్పాలి. మన పందెం పుంజు అసీల్ జాతిది. దాని ఈక గట్టిదే గానీ పొట్టి, ఒంటికి అంటుకుని ఉంటుంది. అమెరికాలో ఈకల కోసమే తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన కోళ్ళ ఈక ఒక్కటి నాలుగైదు ఎరలకు సరిపోయేంత పొడుగుంటుంది. 2011లో అక్కడి ఆడపిల్లలు ఆ ఈకలను జడల్లో పెట్టుకునే మోజు లేచి, చేపలవాళ్ళకు ఈక దొరక్కుండా పోయింది.

గోదావరికి మరో ఈకతోనూ చుట్టరికముంది. ఎర్ర అడవికోడి ఉత్తరాన, బూడిద అడవికోడి దక్షిణాన ఉంటాయి. తూర్పున ఈ రెండింటి హద్దు గోదావరి చుట్టుపక్కలే అని పక్షిశాస్త్రజ్ఞుల లెక్క. బూడిద అడవికోడి పుంజు మెడ ఈక కొసన గోరులా మెరిసే పసుపు తెలుపు చుక్క ఉంటుంది. విక్టోరియా కాలపు సాల్మన్ ఎరలకు ఆ చుక్కే కన్ను. ఆ మోజుకు మన అడవుల్లో ఎన్నో పుంజులు బలయ్యాయి. అడవి పక్షుల ఈకల ఎగుమతిని 1902లోనే ప్రభుత్వం నిషేధించింది. 1972 వన్యప్రాణి చట్టం వేటకూ కళ్ళెం వేసింది. ఈకల పిచ్చి అంతటితో ఆగలేదు. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో 299 పక్షి చర్మాలు దొంగతనమయ్యాయి. చేసినవాడు పాతకాలపు సాల్మన్ ఎరలు కట్టే సంగీత విద్యార్థి.

కట్టే తీరు

పదో నంబరు గాలాన్ని వంపు దగ్గర చిన్న బిగింపులో పట్టించాలి. కాడ మీద నల్లదారాన్ని తంగూసు దూర్చే కన్ను దగ్గర మొదలుపెట్టి, చుట్టు పక్కన చుట్టు వచ్చేలా వెనక్కి నడపాలి. ఉత్త ఇనుము మీద ఈక జారుతుంది, ఈ పరుపు ఉంటేనే పట్టు. వంపు మొదట్లో నాలుగు ఈక పీచులు తోకగా కట్టాలి. అక్కడే నెమలి ఈక పోగులు రెండు కట్టి, మెలితిప్పి ముందుకు చుట్టితే పచ్చగా మెరిసే పొట్ట తయారవుతుంది. కన్నుకు కాస్త వెనక పుంజు ఈకను కాడ వైపు నుంచి కట్టి, కొసను చిమటాతో పట్టి నాలుగైదు చుట్లు తిప్పాలి. ఒక్కో చుట్టుకూ పీచులు లేచి నిలుస్తాయి. ఇక తల దగ్గర దారాన్ని దాని మీదే చుట్టి కింది నుంచి లాగి ముడి బిగించి, చుక్క వార్నిష్ వేయాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, కన్ను దాకా చుట్టేసి తంగూసు దూర్చడానికి చోటు ఉంచరు.

నలిగిపోకుండా, వదులు కాకుండా ఒకే బిగువుతో దారం నడపడమే ఇందులో అసలు పని. ఆ బిగువు కొక్కెం సూదితో లేసు అల్లే నరసాపురం ఆడవాళ్ళ వేళ్ళకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. అక్కడి లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కెన్యాలో ఇలాంటి వేళ్ళే ఈకల ఎరలు కట్టి యూరప్, అమెరికాలకు పంపుతున్నాయి.

నెమలి ఈకలు సహజంగా రాలినవైతే దేశంలో వాడుకోవచ్చు, ఎగుమతి కుదరదు. పుంజు ఈకకు ఆ నిషేధం లేదు. విదేశాల్లో మేలురకం మెడతోలు ఒకటి వంద డాలర్లు పలకడం మామూలే. గోదావరి జిల్లాల్లో కోసను (పందెంలో ఓడి చచ్చిన పుంజును) మంట మీద కాల్చి ఈకలు పీకుతారు, కాలిన ఈక దేనికీ పనికిరాదు. కట్టి చూద్దామనుకునేవాళ్ళు పొయ్యి వెలగకముందే వెళ్ళి మెడ ఈకలు అడిగి తెచ్చుకోవాలి.